వాసా: 333 ఏండ్లు నీటి అడుగున ఉన్న యుద్ధనౌక

ఓడల చరిత్రను చూపే ప్రదర్శనశాలలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. వాటిలో సాధారణంగా కనిపించేవి పాత పటాలు, ఓడల నమూనాలు, దిక్సూచులు, లంగరులు, యుద్ధాలు గెలిచిన నౌకాధిపతుల చిత్తరువులు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో, యూర్గార్డెన్ అనే దీవి మీద ఉన్న ప్రదర్శనశాల తీరు వేరు. అక్కడ ముఖ్యంగా చూడవలసిన వస్తువు ఒక్కటే. అది వాసా అనే యుద్ధనౌక. ఆ ఓడ ఏ యుద్ధమూ చేయలేదు, ఏ పరాయి రేవుకూ చేరలేదు. 1628 ఆగస్టు 10 వ తేదీన, తొలి ప్రయాణంలోనే, బయలుదేరిన చోటికి సుమారు 1300 మీటర్ల దూరంలో మునిగిపోయింది. ఆ కాలంలో యుద్ధాలు గెలిచిన ఓడలెన్నో చివికి, విరిగి, కట్టెలైపోయాయి. ఒక్క గంటసేపైనా సరిగా నడవని ఈ ఓడ మాత్రం నిలిచి ఉన్నది.

ప్రదర్శనశాల తలుపు దాటిన సందర్శకునికి మొదట కనిపించేది చీకటి. కళ్లు ఆ మసక వెలుతురుకు అలవాటుపడిన తరువాత ఎదుట ఒక నల్లని ఓక్ కొయ్య గోడ లేచి నిలుస్తుంది. తలయెత్తి చూస్తే దాని పైఅంచు కనిపించదు. అణియం నుండి, అంటే ముందుభాగం నుండి, పొడుచుకు వచ్చిన స్తంభంతో కలిపి ఓడ పొడవు 69 మీటర్లు. అడుగుదూలం నుండి పెద్ద తెరచాప స్తంభం కొన వరకు ఎత్తు 52 మీటర్లకు పైగా. వెడల్పు మాత్రం 11.7 మీటర్లు. ఈ చివరి అంకెను పాఠకులు గుర్తుంచుకోవాలి. కథ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. గదిలో వెలుతురు తగ్గించి ఉంచడం అలంకారం కోసం కాదు. పాత కొయ్యకు వెలుగు కూడా హానియే. ఓడ చుట్టూ పలు అంతస్తులలో నడవాలున్నాయి కనుక అడుగు నుండి పైమెట్టు వరకు క్రమంగా చూస్తూ ఎక్కవచ్చు. కనిపించే కొయ్యలో నూటికి 98 వంతులు అసలుదే. అమరం, అనగా వెనుకభాగం, నిండా సింహాలు, యోధులు, రోమను చక్రవర్తులు, దేవకన్యలు. ఇట్లాంటి చెక్కడాలు ఓడ మొత్తం మీద సుమారు 700 ఉన్నాయి. ఇప్పుడు అన్నీ నల్లగా ఉన్నా, ఒకప్పుడు వాటికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వంటి కొట్టవచ్చే రంగులు ఉండేవని కొయ్య సందులలో దొరికిన రంగు రేణువుల వలన తెలిసింది. పక్కనే పదోవంతు కొలతలో చేసిన నమూనా ఆ రంగులతోనే నిలిచి ఉన్నది. చూసేవారికి కొంచెం మోటుగా తోస్తుంది గాని, శత్రువును భయపెట్టడానికి చేసిన ఓడకు ఆ మోటుతనం అవసరమే కాబోలు.

శత్రువు పోలండు. 17 వ శతాబ్ది మొదటి భాగంలో స్వీడన్‌ను ఏలిన గుస్తావ్ అడాల్ఫ్ రాజుకు బాల్టిక్ సముద్రం మీద అధికారం కావలసి వచ్చింది. 1625 జనవరిలో ఆయన ప్రభుత్వం హెన్రిక్ హ్యూబర్ట్‌సన్ అనే డచ్చి ఓడల శిల్పితోను, అతని వ్యాపార భాగస్తుడు అరెంట్ డె గ్రూట్‌తోను నాలుగు ఓడలకు ఒప్పందం చేసుకొన్నది. ఆ ఏడే రీగా సింధుశాఖలో తుఫాను వచ్చి పది స్వీడిష్ ఓడలు నష్టమైనాయి. రాజుకు తొందర పెరిగింది. కొలతలు మార్చమని, పని త్వరపెట్టమని యుద్ధభూమి నుండి జాబులు వచ్చాయి. వాసా పని 1626 లో మొదలైంది. వెయ్యికి పైగా ఓక్ చెట్లు నరికారు. పనిచోటులో దాదాపు 400 మంది. ఇంతలో హ్యూబర్ట్‌సన్ జబ్బుపడి 1627 వసంతంలో చనిపోయాడు. అతని సహాయకుడు హైన్ యాకబ్‌సన్ ఓడను పూర్తి చేశాడు. పనిచోటు లెక్కలు, చెల్లింపులు చూసింది హ్యూబర్ట్‌సన్ భార్య మార్గరేటా. ఆ రోజులలో ఒక స్త్రీ ఇంత పెద్ద కర్మాగారం నడపడం చిన్న విషయం కాదు. ఆమె గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టిన గ్రంథాలే ఎక్కువ.

అప్పటి ఓడల నిర్మాణానికి నకాసులు లేవు. శిల్పి బుర్రలో కొన్ని నిష్పత్తులు ఉండేవి: ఇంత పొడవుకు ఇంత వెడల్పు, ఇంత వెడల్పుకు ఇంత లోతు. తండ్రి నుండి కొడుక్కు, గురువు నుండి శిష్యునికి నోటిమాటగా వచ్చిన విద్య అది. ఎన్నో ఓడలు తేలడం, కొన్ని మునగడం చూసి చూసి కుదిరిన కొలతలు కనుక అలవాటైన ఓడలకు అవి చాలా చక్కగా పనికివచ్చేవి. అలవాటు లేని ఓడ చేయవలసి వచ్చినప్పుడే చిక్కు. వాసాకు నిండా పెద్ద ఫిరంగులు పట్టే అంతస్తులు ఒకదాని మీద ఒకటి రెండు కావాలి. స్వీడన్‌లో అంతకుముందు అట్లాంటి ఓడ కట్టిన అనుభవం ఎవరికీ లేదు. మొత్తం 64 ఫిరంగులు. వాటిలో చాలాభాగం 24 పౌన్ల గుండు వేసేవి. ఒక్కొక్కటి టన్నుకు పైగా బరువు.

1628 వేసవిలో ఓడ రాజభవనం కింద రేవులో నిలిచి ఉండగా ఒక పరీక్ష జరిగింది. దీనిని చదివినవారు మరచిపోలేరు. ఓడ కాస్త తూలుతున్నదని అనుమానించిన కెప్టెన్ సోఫ్రింగ్ హాన్సన్, ఉపనౌకాధిపతి క్లాస్ ఫ్లెమింగ్‌ను పిలిపించి చూపించాడు. 30 మంది మనుషులు పైఅంతస్తు మీద ఈ పక్క నుండి ఆ పక్కకు, మళ్లీ ఆ పక్క నుండి ఈ పక్కకు ఒక్కుమ్మడిగా పరుగెత్తారు. ఓడ ఊగింది. రెండవసారి ఇంకా ఎక్కువ ఊగింది. మూడవ పరుగుతో ఫ్లెమింగ్ ఆపమన్నాడు. ఇంకొంచెం సాగితే ఓడ రేవులోనే బోర్లపడుతుందని ఆయనకు భయం వేసింది. అక్కడ ఉన్న సరంగు యోరాన్ మాట్సన్ తరువాత విచారణలో ఈ సంగతి చెప్పాడు. రాజుగారు ఊళ్లో ఉంటే బాగుండును అని ఫ్లెమింగ్ అన్నట్లు కూడా అతని సాక్ష్యంలో ఉన్నది. రాజుగారు ఊళ్లో లేరు; ప్రష్యాలో యుద్ధం చేస్తున్నారు. ఓడ ఎప్పుడు వస్తుందని అడుగుతున్నారు. పరీక్ష ఫలితం రేవు దాటి పోలేదు.

ఆగస్టు 10 ఆదివారం. గాలి నైరుతి నుండి మెల్లగా వీస్తున్నది. ఒడ్డున జనం. ఓడలో సుమారు 150 మంది. వారిలో కళాసీల భార్యలు, పిల్లలు కూడా కొందరు. మొదటి మజిలీ దాకా వారిని తీసుకుపోవడానికి అనుమతి ఉండేది. సైనికులు 300 మంది తరువాతి మజిలీలో ఎక్కవలసి ఉన్నది. పది తెరచాపలలో నాలుగు మాత్రమే విప్పారు. వందన సూచకంగా ఫిరంగులు పేల్చడానికి వాటి కిటికీ తలుపులు ఎత్తి ఉంచారు. కొండల చాటు దాటగానే ఒక గాలితెర వచ్చింది. ఓడ ఎడమకు బాగా ఒరిగి, మెల్లగా మళ్లీ లేచింది. బెక్‌హోల్మెన్ దీవి దగ్గర మరొక తెర వచ్చింది. ఈసారి ఎంత ఒరిగిందంటే, కింది అంతస్తు ఫిరంగుల కిటికీలు నీటిమట్టానికి దిగి, వాటి గుండా నీరు లోపలికి దూకింది. నీరు చేరినకొద్దీ ఓడ మరింత ఒరిగింది. ఒరిగినకొద్దీ మరింత నీరు. తెరచాపలు ఎత్తి ఉండగానే, జెండాలు ఎగురుతుండగానే, 32 మీటర్ల లోతులో అడుగున కూర్చున్నది. సుమారు 30 మంది చనిపోయారు. ఒడ్డు దగ్గర కావడం వలన, చుట్టూ పడవలు ఉండడం వలన మిగిలినవారు బతికారు.

కెప్టెన్‌ను ఆ రాత్రే నిర్బంధించారు. ఫిరంగులు కట్టడంలో లోపమా? కళాసీలు తాగి ఉన్నారా? రెండూ కాదని తేలింది. సెప్టెంబరు 5 న రాజమంత్రులు, నౌకాధికారులు కలిసి 17 మంది సభ తీర్చి విచారించారు. ఓడ మీదివారు, తాము నడపడంలో తప్పు లేదు, కట్టడంలోనే ఉన్నది అన్నారు. కట్టినవారు, కొలతలు చూసి రాజే ఒప్పుకొన్నాడు, ఆ కొలతలకే కట్టాము అన్నారు. అయితే తప్పెవరిది అని అడిగితే, అది దేవునికే తెలియాలి అని డె గ్రూట్ జవాబు. విచారణ అంతటితో ఆగింది. దోషులను శిక్షించాలని రాజు రాశాడు గాని ఎవరికీ శిక్ష పడలేదు. కొలతలకు ఒప్పుకొన్నవాడు రాజు, ఆ కొలతలు వేసినవాడు చనిపోయినాడు. ఇక ఎవరిని శిక్షిస్తారు?

అడుగున బరువు కోసం ఇంకా రాళ్లు వేయవలసిందని ఒక వాదం వచ్చింది. వాసా అడుగున సుమారు 120 టన్నుల రాళ్లు ఉండేవి. ఇంకా వేస్తే ఓడ ఇంకా లోతుగా దిగుతుంది. ఫిరంగుల కిటికీలు అసలే నీటికి దగ్గర, ఇంకా దగ్గరవుతాయి. కాబట్టి ఆ దారి మూసుకుపోయి ఉన్నది. ఫిరంగుల బరువే ఓడను ముంచిందని చాలామంది చెబుతారు. ఈనాటి లెక్కలు దానిని అంతగా సమర్థించవు. ఫిరంగులన్నీ కలిపినా ఓడ మొత్తం బరువులో నూటికి 5 వంతులే. వాటిని మోయడానికని నీటిమట్టానికి పైన వేసిన దూలాలు, అంతస్తులు అవసరాన్ని మించి బరువైనాయి. వాటికి తగిన వెడల్పు కింద లేదు. ఇదే అసలు దోషం.

దీనిని తరగతిలో సులభంగా చూపవచ్చు. ఒక తొట్టెలో నీరు పోసి, ఖాళీ బిస్కట్ల డబ్బా వంటి పొడుగుపాటి రేకు డబ్బాను తేల్చాలి. డబ్బా అడుగున ఒక చిన్న ఇటుక ముక్క పెట్టి వేలితో అంచును నొక్కి వదిలితే, రెండు మూడుసార్లు ఊగి నిలబడుతుంది. అదే ఇటుక ముక్కను డబ్బాలో నిలిపిన కొయ్యదిమ్మ మీద, అంచుకన్నా ఎత్తున పెట్టి నొక్కితే, డబ్బా తిరిగి లేవడానికి సందేహిస్తుంది. దిమ్మ ఎత్తు పెంచుకొంటూ పోతే ఒక ఎత్తున బోర్లపడుతుంది. తేలే వస్తువు మీద నీరు పైకి నెట్టే బలం, అది తొలగించిన నీటి బరువుకు సమానమని ఆర్కిమెడిస్ క్రీస్తుకు పూర్వం 3 వ శతాబ్దిలోనే చెప్పాడు. ఓడ తేలుతుందా అనే ప్రశ్నకు అది చాలు. ఓడ నిలుస్తుందా అనే ప్రశ్నకు అది చాలదు.

ఓడ బరువంతా ఒక బిందువు వద్ద కిందికి లాగుతున్నట్లు భావించవచ్చు, అది గరిమనాభి. నీరు పైకి నెట్టే బలమంతా మరొక బిందువు వద్ద పనిచేస్తున్నట్లు భావించవచ్చు. అది మునిగిన భాగపు ఆకారానికి నడిమి బిందువు. ఓడ నిటారుగా ఉన్నప్పుడు రెండూ ఒకే నిలువు రేఖ మీద ఉంటాయి. ఓడ ఒక పక్కకు ఒరిగితే గరిమనాభి కదలదు. మునిగిన భాగపు ఆకారం మాత్రం మారుతుంది. కాబట్టి నీటి బలం పనిచేసే బిందువు ఒరిగిన పక్కకు జరుగుతుంది. ఆ బిందువు నుండి నిలువుగా పైకి గీత గీస్తే, అది ఓడ నడిమి రేఖను ఒకచోట ఖండిస్తుంది. ఆ చోటుకు మెటాసెంటర్ అని పేరు. గరిమనాభి దానికి కింద ఉంటే రెండు బలాలు కలిసి ఓడను లేపుతాయి. పైన ఉంటే అవే బలాలు కలిసి పడదోస్తాయి. వెడల్పైన ఓడకు మెటాసెంటర్ ఎత్తున ఉంటుంది. వాసాలో గరిమనాభి దానికి కిందనే ఉండేది గాని ఆ రెండింటి నడుమ ఎడం చాలా తక్కువ. అందుకే మొదటి గాలికి ఒరిగి లేచింది, రెండవదానికి లేవలేకపోయింది. సెకనుకు 4 మీటర్ల వేగమున్న గాలి, అంటే చెట్ల ఆకులను కదిపే పాటి గాలి, దానిని ముంచడానికి చాలునని ఈనాటి లెక్క.

ఈ సూత్రాన్ని మెటాసెంటర్ అనే పేరుతో సహా ప్రకటించినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియేర్ బుగేర్. ఆయన గ్రంథం వెలువడినది 1746 లో, వాసా మునిగిన 118 ఏండ్లకు. కనుక హ్యూబర్ట్‌సన్ లెక్క తప్పాడనడం న్యాయం కాదు. వేయడానికి లెక్కే లేదు. కాని 30 మంది పరుగెత్తిన ఆ పరీక్ష సంగతి వేరు. ఈనాడు ఏ కొత్త ఓడనైనా నీటిలోకి దింపిన తరువాత చేసే పరీక్ష దాదాపు అదే. తెలిసిన బరువును అంతస్తు మీద ఒక పక్క నుండి మరొక పక్కకు తెలిసిన దూరం జరుపుతారు. ఓడ ఎంత ఒరిగిందో వేలాడదీసిన లోలకంతో కొలుస్తారు. జరిపిన బరువును దూరంతో గుణించి, ఓడ మొత్తం బరువుతోను, ఒరిగిన కోణపు టాంజెంటుతోను భాగిస్తే, గరిమనాభికీ మెటాసెంటర్‌కూ మధ్య ఎడం వస్తుంది. ఫ్లెమింగ్ వద్ద బరువు ఉన్నది, దూరం ఉన్నది, ఒరగడమూ కళ్లెదుట ఉన్నది. దానిని అంకెగా మార్చే సూత్రం లేదు. అంకె లేకపోయినా ఓడ ప్రమాదకరమని అక్కడ నిలబడ్డవారందరికీ తెలిసింది. తెలిసినదానిని దూరాన ఉన్న రాజుకు రాసి ప్రయాణం ఆపించే ధైర్యం ఎవరికి ఉన్నది?

ప్రదర్శనశాలలో ఒకచోట కొలబద్దలు కనిపిస్తాయి. ఓడలో నాలుగు దొరికాయి. వాటిలో రెండు స్వీడిష్ అడుగు ప్రకారం 12 అంగుళాలుగా భాగించినవి. మిగిలిన రెండు ఆమ్‌స్టర్‌డామ్ అడుగు ప్రకారం 11 అంగుళాలవి. రెండు దేశాల వడ్రంగులు రెండు కొలతలతో ఒకే ఓడ మీద పనిచేశారన్నమాట. ఓడ ఎడమ, కుడి పక్కలు కచ్చితంగా ఒక తీరుగా లేవని కొలిచి చూసినవారు చెప్పారు. ఇది ఒక్కటే ముంచిందని కాదు గాని, పాఠశాలలో మెట్రిక్ పద్ధతి బోధించే ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

మునిగిన కొన్నాళ్లకే ఒక ఆంగ్లేయుడు ఓడను పైకి లేపబోయి నిటారుగా నిలపగలిగాడు. అంతకుమించి సాధ్యం కాలేదు. 1660 దశకంలో ట్రైలేబెన్, పెకెల్ అనే ఇద్దరు గంట ఆకారపు పాత్రను వాడారు. తలకిందులైన గ్లాసును నీటిలో ముంచితే లోపల గాలి నిలుస్తుంది కదా. అట్లాంటి పెద్ద లోహపు గంట కింద మనిషి నిలబడి, ఛాతీ వరకు నీటిలో ఉండి, తల గాలిలో ఉంచుకొని పనిచేయాలి. చీకటి, గడ్డకట్టే చలి, చేతిలో పొడుగాటి కొక్కెం. 30 మీటర్ల లోతున ఆ స్థితిలో వారు యాభైకి పైగా ఫిరంగులను కిటికీలలో నుండి ఊడబెరికి పైకి పంపారు. టన్నుకు మించిన బరువును కంటికి కనిపించకుండా కొక్కెంతో పట్టడం ఎట్లా సాధ్యమైనదో ఈనాటి మునిగీతగాళ్లకు కూడా ఆశ్చర్యమే. కంచు పోయింది కనుక ఓడ మీద ఎవరికీ ఆసక్తి మిగలలేదు. క్రమంగా ఉన్న చోటు కూడా మరుగునపడింది.

దానిని మళ్లీ కనుగొన్నవాడు ఆండర్స్ ఫ్రాన్సేన్ అనే ఇంజనీరు. ఆయన ఆలోచన ఒక ప్రాణిశాస్త్ర విషయంతో మొదలైంది. సముద్రంలో మునిగిన కొయ్యను తినే జీవి ఒకటి ఉన్నది. చూడడానికి పురుగు వలె ఉంటుంది గాని నిజానికి ఆలుచిప్పల జాతిది. టెరెడో అని శాస్త్రనామం. దాని రెండు చిన్న చిప్పలు బరమాలాగా పనిచేసి కొయ్యను తొలుస్తాయి. ఇతర సముద్రాలలో మునిగిన కొయ్య ఓడలు కొన్ని దశాబ్దాలకే తూట్లు పడి మాయం కావడానికి ఇదే కారణం. దానికి బతకడానికి ఉప్పు కావాలి. మహాసముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటే, నదుల నీరు ఎక్కువగా చేరే బాల్టిక్‌లో, స్టాక్‌హోమ్ వద్ద, 5, 6 గ్రాములే. అక్కడ టెరెడో లేదు. అయితే ఆ సముద్రం అడుగున పాత ఓడలు చెక్కుచెదరక ఉండాలి! ఈ తర్కంతో ఆయన పాత రాజపత్రాలు చదివి, 1950 దశకం మొదట్లో రేవులో గాలించడం మొదలుపెట్టాడు. చిన్న పడవ, తాడు, తాడుకు బరువైన ఇనుప ముక్క. ఆ ముక్క కొనకు బోలుగా ఉండే కత్తి. అది కొయ్యకు తగిలితే ఒక ముక్క కోసుకొని పైకి వస్తుంది. 1956 ఆగస్టు 25 న అది ఒక నల్లని ఓక్ ముక్క తెచ్చింది. ఆ తరువాత నౌకాదళపు మునిగీతగాడు ఫెల్టింగ్ దిగాడు. అడుగున కారుచీకటి. చేతితో తడిమి, ఒక వరుస కిటికీలు, దాని పైన మరొక వరుస ఉన్నాయని టెలిఫోనులో చెప్పాడు. రెండు వరుసల ఫిరంగి కిటికీలున్న ఓడ అక్కడ మునిగినది ఒక్కటే.

ఓడ కిందుగా బురదలో ఆరు సొరంగాలు తవ్వి, ఉక్కు తాళ్లు దూర్చారు. నీటిని ధారగా చిమ్మే గొట్టంతో బురదను కోస్తూ, నెత్తి మీద వెయ్యి టన్నుల పాత ఓడ ఉండగా, మనుషులు ఆ సొరంగాలలో పాకారు. 1300 కు పైగా మునకలలో పెద్ద ప్రమాదం ఒక్కటీ జరగలేదు. 1959 లో ఓడను బురద నుండి వదిలించి అంచెలంచెలుగా లోతు తక్కువ చోటికి జరిపారు. 1961 ఏప్రిల్ 24 న దాని కొయ్య అంచు నీటి పైకి వచ్చింది. లోపలి బురద, నీరు తోడిన తరువాత, 333 ఏండ్ల కిందట మునిగిన ఓడ తనంతట తాను తేలుతూ మరమ్మతు రేవులోకి వెళ్లింది.

అసలు సమస్య అప్పుడు మొదలైంది. ఇంత కాలం నీటిలో నానిన ఓక్ కొయ్యలో కణాల గోడలు బలహీనపడి, లోపలి ఖాళీలు నీటితో నిండి ఉంటాయి. ఆరనిస్తే నీరు పోతూ గోడలను లోపలికి లాగుతుంది. కొయ్య ముడుచుకొని పగులుతుంది. కాబట్టి నీరు పోయిన చోట మరొక పదార్థం చేరాలి. లేపనాలలోను, సౌందర్య ద్రవ్యాలలోను వాడే పాలీఎథిలీన్ గ్లైకాల్ అనే మైనం వంటి పదార్థాన్ని నీటిలో కలిపి, 1962 నుండి 1979 వరకు, 17 ఏండ్లపాటు ఓడ మీద చల్లారు. మొదట పలుచని ద్రావణం, క్రమంగా చిక్కనిది. తరువాత ఆరబెట్టడానికి మరో తొమ్మిదేండ్లు. అంత పెద్ద వస్తువు మీద ఎవరూ అంతకుముందు ఈ పని చేయలేదు. ఇప్పటి ప్రదర్శనశాల 1990 జూన్ 15 న తెరిచారు. ఏటా పది లక్షలకు పైగా జనం చూడడానికి వస్తున్నారు.

ఆ జనమే కొత్త చిక్కు కొంత తెచ్చారు. 2000 లో వేసవి వానలతో గడిచింది. తడిసిన బట్టలతో సందర్శకులు బారులు తీరారు. లోపలి గాలిలో తేమ పెరిగింది. కొయ్య మీద అక్కడక్కడ తెల్లని, పసుపుపచ్చని పొడి పొంగి కనిపించింది. పరీక్షిస్తే గాఢమైన ఆమ్లం. దాని మూలం వెదకితే పాత నగరపు మురుగు వద్ద తేలింది. శతాబ్దాలపాటు స్టాక్‌హోమ్ మురుగు ఆ రేవులో కలిసేది. అడుగు నీటిలో ఆమ్లజని తరిగి, కొయ్యను కుళ్లబెట్టే జీవులు బతకలేకపోయాయి. ఆ మేరకు మురుగు ఓడకు మేలు చేసింది. అయితే ఆమ్లజని లేనిచోట బతికే మరికొన్ని సూక్ష్మజీవులు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పుట్టించగా, అది కొయ్యలోకి ఇంకి గంధకంగా నిలిచిపోయింది. నీటి అడుగున ఉన్నంతకాలం ఆ గంధకం నిద్రపోయింది. గాలి తగిలిన తరువాత, కరిగి తుప్పైపోయిన వేలాది ఇనుప చీలల నుండి కొయ్యలో వ్యాపించిన ఇనుము తోడై, ఆమ్లజనితో కలిసి గంధకికామ్లంగా మారసాగింది. కొయ్యలో సుమారు 2 టన్నుల గంధకం ఉన్నదని, అదంతా మారితే 5 టన్నులకు పైగా ఆమ్లం కాగలదని 2002 లో శాస్త్రజ్ఞులు అంచనా కట్టారు. పైగా ఇనుము వలన కొయ్యలోని సెల్యులోజ్ కూడా తెగి బలం తగ్గినట్లు తరువాతి పరిశోధనలలో తేలింది. ఇప్పుడు గాలిలో ఉష్ణోగ్రతను, తేమను యంత్రాలతో కట్టడి చేశారు. చీలలను 2011 నుండి 2018 వరకు ఒక్కొక్కటిగా తీసి, తుప్పుపట్టని ఉక్కువి వేశారు. అయినా ఓడ తన బరువుకు తానే మెల్లగా కుంగుతున్నది. ఏటికి ఒక మిల్లీమీటరు పాటి కదలికను కొలతలు పట్టుకొన్నాయి. దానిని మోయడానికి కొత్త ఉక్కు ఆధారం కట్టే పని 2024 లో మొదలైంది.

కింది అంతస్తులో ఎముకలు ఉన్నాయి. కనీసం 15 మందివి దొరికాయి. పేర్లు తెలియవు కనుక ఒక్కొక్కరికి ఒక్కొక్క అక్షరం పెట్టారు. వారిలో జి అనే వ్యక్తిని చాలాకాలం పురుషుడనుకొని గుస్తావ్ అని పిలిచారు. కణాలలోని డి.ఎన్.ఏ. పరీక్షించగా స్త్రీ అని 2023 లో తెలిసింది. కళాసీ భార్య కావచ్చు. వీరి పెట్టెలు, చెప్పులు, చెక్క చెంచాలు, 4000 కు పైగా చిల్లర నాణేలు, మడతపెట్టి దాచిన ఆరు తెరచాపలు ఈ గదులలోనే ఉన్నాయి. చెక్కిన సింహాల కంటె ఈ చెప్పుల ముందు సందర్శకులు ఎక్కువసేపు నిలబడతారు.

1625 నాటి ఒప్పందంలో వాసా తోబుట్టువు ఒకటి ఉన్నది. ఎప్లెట్ దాని పేరు; 1629 లో నీటిలోకి దింపారు. కట్టినవాడు ఆ హైన్ యాకబ్‌సనే. విచారణలో ఏ తప్పూ ఒప్పుకోకపోయినా, దానిని మాత్రం అతడు వాసా కంటె వెడల్పుగా కట్టాడు. అది మునగలేదు. 1630 లో సైన్యాన్ని ఎక్కించుకొని జర్మనీకి వెళ్లింది. మూడు దశాబ్దాలు కొలువు చేసింది. పాతబడిన తరువాత 1659 లో దానిని కావాలనే వాక్స్‌హోల్మ్ దగ్గర జలసంధిలో ముంచారు. 2021 డిసెంబరులో మునిగీతగాళ్లకు అక్కడ ఒక పెద్ద ఓడ అవశేషం తగిలింది. కొయ్య నమూనాలు తీసి, చెట్టు వలయాలను లెక్కించారు. ఆ ఓక్ చెట్లు 1627 లో నరికినవి. వాసాకు కలప వచ్చిన అడవి ప్రాంతంలోనివే. కొలతలు తీశారు. కిటికీలు రెండు వరుసలు, తీరు వాసాదే, వెడల్పు ఎక్కువ. 2022 అక్టోబరులో అది ఎప్లెటేనని ప్రకటించారు. దానిని ఎవరూ పైకి తీయలేదు. ఉప్పు తక్కువైన ఆ చల్లని నీటిలోనే ఉన్నది.